తిరగని ఫ్యాను

గుంటూరులోని ఆ ప్రయోగశాలలో మే నెల మధ్యాహ్నం ఒకనాడు ఏసీ చెడిపోకుండా ఉంటే, పరిమళ ఆ సంగతి కనిపెట్టి ఉండేది కాదు.

గది ఉడికిపోతోంది. బల్ల మీద అరచేతిలో పట్టేంత పెట్టె ఉంది. ఇంటి కరెంటు మీటరుకు దాన్ని తగిలిస్తే ఆ ఇంట్లో ఏ వస్తువు ఎంత కరెంటు లాగుతోందో విడివిడిగా చెబుతుంది. ఆ రోజు అది పైన తిరుగుతున్న ఫ్యాను ఒక్కదాన్నే వింటోంది. తెర మీద గీత పొద్దుటినుంచి వెంట్రుకవాసి చొప్పున కిందికి జారుతూ వచ్చింది. పెట్టెలోనే లోపం ఉందనుకుని పరిమళ మూడుసార్లు విప్పి బిగించింది. లోపం లేదు. చెమట తుడుచుకుంటూ గోడ మీది ఉష్ణమాపకం వంక చూసింది. మళ్ళీ తెర వంక చూసింది. అప్పుడు అర్థమైంది. ఫ్యాను మోటారులోని రాగితీగ గదితోపాటే వేడెక్కుతోంది. వేడెక్కినకొద్దీ కరెంటు కాస్త తక్కువ లాగుతోంది. అంటే ఇంట్లో అడుగు పెట్టకుండానే, తిరుగుతున్న ఫ్యానును విని, ఆ ఇల్లు ఎంత వేడిగా ఉందో చెప్పవచ్చు.

పరిమళ జ్యోతిర్మయి పవర్ అనే కంపెనీలో ఇంజనీరు. రాష్ట్రంలో కరెంటు పంపిణీ అంతా ప్రైవేటు కంపెనీల చేతుల్లోకి వెళ్ళి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి. కరెంటు వాడకం పెరిగి కంపెనీలకు లాభాలు పొంగుతున్నాయి. బిల్లుకు భయపడే ఇళ్ళలో మనుషులు ఉక్కలో మగ్గుతున్నారు. అందుకే ఆ సంవత్సరం కొత్త చట్టం తెచ్చారు. కంపెనీల లాభం ఒక హద్దు దాటితే దాని మీద పన్ను వేస్తారు. ఆ పన్నును ఒక నిధిలో వేసి, దాంతో పేదల ఇళ్ళ కరెంటు బిల్లులు కడతారు. జనం దానికి ‘ఫ్యాను డబ్బులు’ అని పేరు పెట్టుకున్నారు. అయితే ఎవరికి ఇవ్వాలన్న దగ్గర చిక్కొచ్చి పడింది. మళ్ళీ దరఖాస్తులు, సంతకాలు, ఆఫీసుల చుట్టూ తిరగడాలు. పరిమళ కనిపెట్టింది ఆ చిక్కునంతా ఒక్కసారిగా విప్పేసింది. పగటిపూట ఇల్లు ముప్పై తొమ్మిది డిగ్రీలు దాటి ఆరు గంటలు ఉడికితే ఆ రోజు బిల్లు నిధి నుంచి వెళ్ళిపోతుంది. ఏసీ ఉన్న ఇల్లు ఎలాగూ అంత కాగదు. ఎవరూ ఎవరినీ దేబిరించక్కర్లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భర్త జగన్నాథానికి చెప్పింది. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. విన్నంతసేపూ ముఖం వెలిగిపోయింది. కాసేపటికి, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు.

“మరి ఫ్యాను ఆపేస్తే?”

“ఆపేస్తే నాకేమీ వినపడదు.”

“బిల్లుకు భయపడి ఆపేసేవాళ్ళ కోసమే కదా చట్టం?”

“అది తర్వాత చూడాలి,” అంది పరిమళ. ఆయన వంక చూడకుండా మజ్జిగ పోసుకుంది.

మరుసటి ఏడు మార్చిలో పరీక్షకని పల్నాడులో రాళ్ళగడ్డ అనే ఊరు ఎంచుకున్నారు. చుట్టూ నాపరాళ్ళ క్వారీలు. గోడలూ నాపరాయే, పైకప్పులూ నాపరాయే. పొద్దున పదింటికల్లా కప్పు కాలడం మొదలుపెడితే, పొద్దు వాలాక కూడా కింద కూర్చున్నవాళ్ళ నెత్తిన సెగ కొడుతూనే ఉంటుంది. మూడువందల ఇళ్ళకు పెట్టెలు బిగించారు. మొదటిది బాలశౌరి ఇంట్లో. పరిమళ తన చేత్తోనే బిగించింది.

బాలశౌరికి నలభై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళు క్వారీలో రాళ్ళు కోశాడు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరిందని డాక్టరు చెప్పాక పని మానేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. స్టూలు కదలకుండా పట్టుకుని, దగ్గు ఆపుకుంటూ, పరిమళ బిగించే ప్రతి తీగా పరీక్షగా చూశాడు.

“అంటే మేడమ్, మా ఫ్యాను మాట్టాడేది మీకు గుంటూర్లో వినపడుద్దా?”

“వినపడుతుంది.”

“అయితే కాస్త మంచిగా మాట్టాడమని చెప్తా. ముసల్ది గదా, కీచుమంటా ఉంటది.”

అంతలో అతని భార్య ఇన్నమ్మ వచ్చింది. మిరపకాయల తొడాలు తీసే కొట్టులో పని ఆమెకు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి రెండుసార్లు తుమ్మి, తిరుగుతున్న ఫ్యాను వంక చూసింది.

“పొద్దుటినుంచీ తిప్పుతానే ఉన్నావా ఏంది?”

“నేను కాదే. పరీచ్చ.”

“పరీచ్చ అయిపోయినాక ఆపు,” అని లోపలికి వెళ్ళి, పరిమళకు లోటాతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

నెలరోజుల పరీక్షలో పెట్టెలు చెప్పిన వేడికీ ఉష్ణమాపకాలు చెప్పిన వేడికీ అర డిగ్రీ తేడా కూడా రాలేదు. పదకొండిళ్ళు మాత్రం రోజుల తరబడి పగలంతా మూగగా ఉండిపోయాయి. పరిమళ వాటి తలుపులు స్వయంగా తట్టి చూసింది. నాలుగిళ్ళకు తాళాలున్నాయి. ఏడిళ్ళలో మనుషులున్నారు. ఫ్యాను ఆపుకుని, గుమ్మంలో తడిగోనె పరుచుకుని కూర్చున్నారు. ఆ ఏడిళ్ళవాళ్ళ పేర్లూ ఆమె పుస్తకంలో రాసుకుంది.

ఏప్రిల్ నడిమధ్యలో కంపెనీ ఆఫీసులో సమావేశం జరిగింది. ఆర్థిక విభాగం డైరెక్టరు వేణుమాధవ్ ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినే అలవాటున్నవాడు. పరిమళ చెప్పిందంతా విన్నాడు.

“మూగ ఇంటిని ‘తెలియదు’ అని రాస్తే ఏమవుతుంది?” అని అడిగాడు.

“చట్టం ప్రకారం రెండు రోజుల్లో మన మనిషి వెళ్ళి తలుపు తట్టాలి.”

“రాష్ట్రమంతటా అలాంటివి ఎన్నుంటాయి?”

“మొత్తం మీద వందకు నాలుగు.”

“అన్ని ఇళ్ళకు పంపడానికి మనుషులున్నారా మన దగ్గర?”

“లేరు. తీసుకోవాలి.”

“తీసుకుని, నేర్పి, పంపేసరికి వానలొస్తాయి. ఈ వేసవి పోతుంది. లక్షల ఇళ్ళకు అందాల్సింది ఆగిపోతుంది. ‘ఖాళీ’ అని రాస్తే మే ఒకటిన మొదలుపెట్టగలం. వచ్చే ఏడు సరిచేసుకుందాం. మీరే చెప్పండి పరిమళగారూ, మీ ఇష్టం.”

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చెప్పనిది ఒకటుంది. నిధిలో ఖర్చవకుండా మిగిలిన పన్ను సంవత్సరాంతాన కంపెనీలకే తిరిగొస్తుందని చట్టంలో ఒక మూల రాసి ఉంది. ఆ సంగతి పరిమళకు తెలుసు. తనకు తెలుసని ఆయనకూ తెలుసు. తన పెట్టె ఈ వేసవిలోనే ఇంటింటా పనిచేయాలన్న ఆరాటం కూడా ఆమెలో లేకపోలేదు. పుస్తకం సంచిలోనే ఉంది. ఆ ఏడు పేర్లు చదివి వినిపించవచ్చు. వినిపించలేదు. కంప్యూటరు ముందు కూర్చుని, మూగ ఇళ్ళకు కేటాయించిన గడిలో ‘ఖాళీ’ అని కొట్టింది.

మే నెల ఆమెను ఆకాశానికెత్తేసింది. బిల్లు కట్టక్కర్లేదని ఫోనుకు సందేశం వచ్చిన ఊళ్ళలో జనం లైన్‌మెన్‌కు స్వీట్లు పెట్టారు. టీవీవాళ్ళు ఇంటికొచ్చి పరిమళను, పెట్టెను, జగన్నాథాన్ని కూడా చూపించారు. ఒంగోలు నుంచి ఎవరో తల్లి ఫోను చేసి, పిల్ల ఒంటి మీద చెమటకాయలు తగ్గాయమ్మా అని ఏడ్చింది. పరిమళకు కూడా ఏడుపొచ్చింది.

రెండో వారంలో, రోజూ బల్ల మీదికొచ్చే కాగితంలో ‘ఖాళీ’ ఇళ్ళ లెక్క రెట్టింపైంది. ఆమె చూసింది. పెళ్ళిళ్ళ రోజులు, జనం ఊళ్ళు తిరుగుతూ ఉంటారు అనుకుంది. వలసపోయే కాలం కూడా ఇదే అనుకుంది. మర్నాడు ఆ కాగితం చూడలేదు. ఆ మర్నాడూ చూడలేదు.

మే ఇరవై మూడున పల్నాడులో నలభై ఏడు డిగ్రీల ఎండ కాసింది. ఇరవై ఐదో తేదీ పేపరు లోపలి పేజీలో చిన్న వార్త పడింది. రాళ్ళగడ్డలో మాజీ క్వారీ కార్మికుడు బాలశౌరి వడదెబ్బతో మరణం. కింద రెండు వాక్యాల్లో కంపెనీ వివరణ. మృతుడి ఇల్లు పందొమ్మిది రోజులుగా పగటిపూట ఖాళీగా ఉన్నట్టు తమ రికార్డులు చెబుతున్నాయని, పథకంలో ఏ లోపమూ లేదని.

పరిమళ ఆఫీసుకెళ్ళి రికార్డు తెరిచింది. మొదటి పెట్టె. తన చేత్తో బిగించిన పెట్టె. మే ఐదు నుంచి రోజుకొకటి చొప్పున, కిందికంటా, తను కొట్టిన మాటే కనిపించింది. ఇరవై మూడో తేదీ పక్కనా అదే. ఆ రోజు మధ్యాహ్నం ఆ గదిలో బాలశౌరి ఉన్నాడు. లేడని రాసి ఉంది.

ఆమె వేణుమాధవ్ గదికి వెళ్ళింది. ఆయన లేచి నిలబడి, “నాకూ బాధగానే ఉంది,” అన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. “కానీ ఇప్పుడు మనం ఏదైనా అంటే పథకాన్నే ఆపేయమంటారు. దానికోసం కాచుకుని కూర్చున్నవాళ్ళున్నారు. మీకది ఇష్టమా?”

అదే ప్రశ్న రెండోసారి. ఈసారి పరిమళ తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

అయినా ఆరు రోజులు ఇంట్లోనే కూర్చుంది. వెళ్ళి ఏం చెప్పాలి? చెప్పినంత మాత్రాన మనిషి లేచి వస్తాడా? కంపెనీ తరఫున ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారు. ఇలా తనకు తాను ఎన్నో చెప్పుకుంది. ఆరో రోజు పొద్దున జగన్నాథం బజారు నుంచి ఒక మాట మోసుకొచ్చాడు. అక్కడ కలిసిన బడి అటెండరుది రాళ్ళగడ్డ పక్క ఊరే.

“ఆ ఇన్నమ్మ అన్నం ముట్టడం లేదట. మొగుణ్ణి నేనే చంపానని అంటోందట.”

“ఆమె ఎందుకు చంపుతుంది?”

“నేను లేనప్పుడు ఫ్యాను వేయొద్దని చెప్పిందట.”

పరిమళ చెప్పులు వేసుకుంది.

రాళ్ళగడ్డ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. వీధిలో కుక్క కూడా లేదు. ఇన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తలెత్తి చూసి గుర్తుపట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. పరిమళ గుమ్మం లోపల నేల మీద కూర్చుంది. పైన ఫ్యాను ఆగి ఉంది. వేయమని అడగడానికి నోరు రాలేదు.

“ఏప్రిల్ బిల్లు వచ్చింది మే నాలుగున,” అంది ఇన్నమ్మ ఎవరూ అడగకుండానే. “చూసి నాకు కళ్ళు తిరిగినయ్. ఫ్యాను డబ్బులన్నారు, ఏయీ అన్నా. వత్తయ్‌లే అన్నాడు. వచ్చినాక తిప్పుకో, అప్పటిదాకా నేను పనిలోకి పోయినప్పుడు ఎయ్యమాకు అన్నా. కోపంగా అన్నా మేడమ్. మామూలుగా అన్లా.” ఆగి ఉన్న ఫ్యాను వంక చూసింది. “మాట దాటేవాడు కాదు. ఆ రోజు నేనొచ్చేసరికి స్విచ్చి కిందే పడున్నాడు. ఏద్దామని లేచాడో ఏమో. ఎయ్యలా.”

పరిమళ ఇన్నమ్మకు ఎదురుగా జరిగి కూర్చుంది.

“ఇన్నమ్మగారూ, మీరు వినాల్సింది ఒకటుంది. ఫ్యాను తిరిగి ఉంటే మే నెల బిల్లు మీకు రాకపోయేది.”

ఇన్నమ్మ కళ్ళెత్తింది.

“ఫ్యాను తిరిగితేనే ఇల్లు వేడిగా ఉందని పెట్టెకు తెలుస్తుంది. ఆగిపోతే తెలియదు. ఆ సంగతి మీకెవరూ చెప్పలేదు. కంపెనీ పంచిన కరపత్రంలో ఆ మాట వేయమని నేను గట్టిగా అడగలేదు. ఆగిపోయిన ఇంటిని ఏమని రాయాలని నన్ను అడిగారు. తెలియదు అని రాసి ఉంటే మే ఎనిమిదో తారీకుకల్లా ఎవరో ఒకరు వచ్చి ఈ తలుపు తట్టేవాళ్ళు. మనిషిని చూసేవాళ్ళు. ఫ్యాను వేసుకో, బిల్లు రాదు అని చెప్పేవాళ్ళు. నేను ఖాళీ అని రాశాను. మనుషులుంటారని తెలిసే రాశాను. మార్చిలో ఈ వీధిలోనే చూశాను నేను.”

ఇన్నమ్మ చీర కొంగును వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

“తెలిసే రాశావా?”

“తెలిసే.”

“ఎందుకు?”

“ఈ వేసవిలోనే మొదలవ్వాలని. నా పేరు రావాలని కూడా.”

“కంపెనీ ఆయన వచ్చాడు మొన్న. మీ ఆయన ఇంట్లో లేడు, ఎండన పడి తిరిగాడు, మా కాయితాల్లో ఉందన్నాడు. ఊళ్ళో వాళ్ళూ అదే మాట పట్టుకున్నారు. తాగి తిరిగాడేమో అన్నారు. నేను ఇంట్లోనే చూశాను గదా అంటే, కంప్యూటరు అబద్ధం చెప్పుద్దా అన్నారు.” ఆమె గొంతు అప్పటికీ హెచ్చలేదు. “మనిషి పోయె. పోయినోడు యాడున్నాడో కూడా మీరే చెప్తిరి.”

పరిమళ తల వంచుకుంది. “మీ మీద వేసుకున్నది మీది కాదని చెప్పడానికి వచ్చాను.”

“నువ్వు చెప్తే పోయిద్దా? నేనన్న మాట నేనన్నానా లేదా?” అని ఇన్నమ్మ మొదటిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. “నీ బరువు నువ్వు మొయ్యి. నాది నేను మోసుకుంటా. ఇక్కడ దించమాక.”

పరిమళ లేవలేకపోయింది. ఇన్నమ్మే లేచి, కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగి, ఒక్కసారిగా ఇటు తిరిగింది.

“మా ఊళ్ళో ఇయ్యాల ఎన్ని ఇళ్ళు ఖాళీ అని రాసుంది?”

పరిమళ ఫోను తెరిచింది. “పద్నాలుగు.”

“పేర్లుండయ్యా?”

“ఉన్నాయి.”

ఇన్నమ్మ తలమీద తడిగుడ్డ వేసుకుంది. బిందెలో నీళ్ళు నింపి చంకనెత్తుకుంది. “చదువు,” అంది, గుమ్మం దిగుతూ.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ పద్నాలుగు గుమ్మాలు తిరిగారు. ఐదిళ్ళకు తాళాలున్నాయి. తొమ్మిదిళ్ళలో మనుషులున్నారు. ఒక ఇంట్లో బాలింత పసిపిల్లకు విసనకర్రతో విసురుతోంది. ఫ్యాను బాగానే ఉందిగా అంటే, పొద్దుగూకాక వేసుకుంటామంది. ఇన్నమ్మ మాటాపలుకూ లేకుండా వెళ్ళి స్విచ్చి వేసింది. “బిల్లు రాదు. ఈ మేడమ్ పూచీ,” అంది. ఇంకో ఇంట్లో ఆరోగ్యం అనే ఆయన పిలిస్తే పలకలేదు. ఒళ్ళు కాలిపోతోంది. చెమట లేదు. ఇద్దరూ కలిసి ఆయన్ని నీడలోకి ఈడ్చి, బిందెడు నీళ్ళూ మీద పోసి, ఆటో పిలిపించి మాచర్ల ఆసుపత్రికి పంపారు. ఆయన బతికాడు.

జూన్‌లో విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపింది. కంపెనీ వకీలు యంత్రంలో ఏ లోపమూ లేదని నిరూపించాడు. తర్వాత పరిమళ లేచి, ఆయన చెప్పింది నిజమేనని, తప్పు యంత్రానిది కాదు తనదని చెప్పింది. పుస్తకం తెరిచి, మార్చిలో రాసుకున్న ఏడు పేర్లూ చదివింది. వాటి తర్వాత బాలశౌరి పేరు చదివింది. ఇంట్లోనే చనిపోయాడని స్పష్టంగా రాయమని అడిగింది. మండలి రాసింది. మిగిలిన పన్ను కంపెనీలకు తిరిగిరావడమన్న నిబంధన ఆ వానాకాలం శాసనసభ సమావేశాల్లో పోయింది. ఆ సొమ్ముతో తలుపులు తట్టే మనుషుల్ని ఏ ఊరికి ఆ ఊళ్ళోనే నియమించాలన్నారు. పథకాన్ని ఎవరూ ఆపేయలేదు. వేణుమాధవ్ భయపడినట్టు ఏమీ జరగలేదు. అది తలుచుకున్నప్పుడల్లా పరిమళకు ఇంకా కష్టంగా ఉండేది. ఏప్రిల్‌లో నోరు తెరిచి ఉన్నా పథకానికేమీ అయ్యేది కాదన్నమాట.

ఉద్యోగం పోయింది. ఒక పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. నిజం చెప్పినందుకు అభినందించడానికి వచ్చినవాళ్ళను జగన్నాథం గుమ్మంలోనే మర్యాదగా పంపించేసేవాడు.

తలుపులు తట్టే పని రాళ్ళగడ్డలో ఇన్నమ్మ తీసుకుంది. ఎందుకు తీసుకుందో పరిమళ అడగలేదు. మరుసటి వేసవిలో కాలేజీకి సెలవులివ్వగానే రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. ఇన్నమ్మ రావొద్దనలేదు. క్షమించాననీ అనలేదు. కాగితమూ గొడుగూ ఇన్నమ్మ చేతిలో ఉండేవి. ఇద్దరూ ఎండలో ఎడంఎడంగా నడిచేవాళ్ళు. మాట్లాడుకునేది ఇంటి పేర్లూ, నీళ్ళూ, జ్వరాలూ మాత్రమే.

మే చివర్లో ఒకరోజు జాబితాలో కడపటి ఇంటి దగ్గరకొచ్చారు. తలుపుకు ఇంత లావు తాళం వేలాడుతోంది. తాళం మీద దుమ్ము పేరుకుంది. ఇన్నమ్మ కాగితం మీద గుర్తు పెట్టుకుని వెనక్కి తిరిగింది. పరిమళ గుమ్మమెక్కి తలుపు తట్టింది.

“తాళం కనపడతా ఉంది గదమ్మా. హైదరాబాదు పోయారు వాళ్ళు. నాకు తెలుసు.”

పరిమళ మళ్ళీ తట్టింది. తలుపుకు చెవి ఆనించి నిలబడింది.

ఇన్నమ్మ నాలుగడుగులు వేసి ఆగింది. ఎండ నెత్తిన కాస్తోంది. కాసేపటికి వెనక్కొచ్చి, గొడుగు ఆమె మీదికి వంచి పట్టుకుని, ఆమె దిగేదాకా అక్కడే నిలబడింది.